జూలై ఒకటిన పుట్టినవాడు

మా ఉద్దానంలో సగం ఊళ్ళ పేర్లు పుట్టుగలే.
పుట్టిన తేదీలు మాత్రం ఏ ఊళ్ళోనూ దొరకవు.
నన్ను బడిలో వేసిన రోజు
సాంబమూర్తి మాస్టారు నా చేతిని తలమీంచి తిప్పి
వేళ్ళు చెవికి అందాయో లేదో చూసి
రాసేశారు: ఒకటి, ఏడు, పంతొమ్మిది వందల అరవై.
ఆ పూట చాప మీద కూర్చున్న పదకొండు మందిమీ
ఒకే రోజున పుట్టాం.

ఆ తేదీయే పాస్‌పోర్టెక్కి సింగపూరు యార్డుకి పోయింది.
టీ తాగే వేళ ఫోర్‌మన్ టాన్ బూన్ హువా
ఇనుపరేకు మీద సుద్దతో గుండ్రం గీశాడు.
పన్నెండు గళ్ళు, పన్నెండు జంతువులు.
"నువ్వు ఎలుక. గడియారంలో పన్నెండు దగ్గర.
ఎదురుగా, ఆరు దగ్గర, గుర్రం.
గుర్రం ఏడాది వస్తే నీకూ కాలానికీ ఢీ."

నేను రిగ్గర్ని.
ఎదురు బరువుల సంగతి నాకు చెప్పాలా?
రెండు క్రేన్లు ఒకే దూలాన్ని చెరోపక్కకీ లాగితే
గొలుసు కన్నా ముందు తెగేది మధ్యనున్న మనిషి.
శనికి నువ్వులిచ్చిన చేతికే
ఎర్రదారం కట్టించుకున్నాను
రెండువేల రెండులో, మళ్ళీ పధ్నాలుగులో.
ఆ పధ్నాలుగంతా నిచ్చెన రెండో మెట్టు దాటలేదు.
గుర్రం పక్కనుంచి పోయింది, తోకైనా తగల్లేదు.
టాన్ మిగిలిన దారపు ఉండ నా సంచిలో వేసి
"అట్టేపెట్టుకో, గుర్రాలు మళ్ళీ వస్తాయి" అన్నాడు.

ఇంటికొచ్చేశాక, ఆశ్వయుజంలో,
తెల్లారకముందే తిత్లీ మా మీదికి వచ్చింది.
తొంభై రెండు కొబ్బరిచెట్లలో నిలిచినవి ఏడు.
మిగతావన్నీ ఒకే వైపు తలలు పెట్టి పడుకున్నాయి,
రైల్వే ప్లాట్‌ఫారం మీద కూలీల్లా.
జీడితోట వేళ్ళు ఆకాశంలో.
టాన్ గుండ్రాన్ని మనసులో మూడుసార్లు తిప్పాను.
ఎలుక, ఎద్దు, పులి, కుందేలు...
పన్నెండు గళ్ళలో ఎక్కడా సీతాకోకచిలుక లేదు.

అప్పుడన్నాది మా అమ్మ, పడిన మాను మీద కూకుని:
"ఇది విళంబి కదరా కూర్మయ్యా.
నువ్వూ విళంబిలోనే పుట్నావు.
వరి పొట్టమీదుంది, ముసురు పట్టీసింది,
మంత్రసాని గట్టు మీంచి జారిపడిపోనాది.
అరవయ్యేళ్ళకి మల్లీ అదే పేరెట్టుకుని వొచ్చింది సూడు."

వేళ్ళ మీద లెక్కేశాను. యాభై ఎనిమిది. కుక్క.
పద్దెనిమిదీ కుక్కే.
మనకీ అరవై, వాళ్ళకీ అరవై.
నా ఏడాది నన్ను వెతుక్కుంటూ వచ్చిన రాత్రి
నా చేతికి దారం లేదు.
నావి కాని ఏళ్ళకి మాత్రం
రెండుసార్లు కట్టుకున్నాను.

ఫోన్ చేస్తే టాన్ చాలాసేపు దగ్గాడు.
"కుక్కవా! ముందే చెప్పొద్దూ?
కుక్కకీ గుర్రానికీ స్నేహం."
ఇంకేదో అన్నాడు, లైను పోయింది.

ఇప్పుడు పరాభవ. వాళ్ళకి గుర్రం.
ఆధార్ కార్డు ప్రకారం ఈ ఏడాది నన్ను గుద్దుతుంది.
అమ్మ ప్రకారం నాకు తోడొస్తుంది.
అమ్మ పోయి రెండేళ్ళు. పింఛను గుమాస్తా
ఎలుకనే నమ్ముతాడు, ఎలుకతోనే వేలిముద్ర వేయిస్తాడు.

తుఫాను తర్వాత నాటిన మొక్కలు
తొలి గెలలు వేశాయి.
నిన్న ఒక గెల బరువుకి ఒరిగిపోతుంటే
బీరువా అడుగున ఆ దారపు ఉండ దొరికింది.
నాలుగు పేటలు పేని, గెలని పై మట్టకి కట్టాను.
యార్డులో వేసే ముడే. లాగి చూశాను.
నిలిచింది.
గాలి కూడా లేదనుకోండి.